మార్లిస్ చెవిలో ఆగని గాంగ్

ఆదివారం పూట నా ఉద్యోగం గురక పెట్టేవాళ్ళ కాలు తాకడం. జీతం లేదు, బోర్డు మీద పేరూ లేదు. ఊలు మేజోళ్ళు వేసుకుని, గాంగ్ మోత వినడానికి పడుకున్నవాళ్ళ చాపల మధ్య పిల్లిలా తిరుగుతూ, ఎవరి ముక్కు మోగుతోందో చూసి వాళ్ళ పాదం మీద మెల్లగా ఒక వేలు ఆనించాలి. గట్టిగా ఆనిస్తే ఉలిక్కిపడి లేస్తారు, మరీ మెల్లగా ఆనిస్తే చక్కిలిగింత పుట్టి నవ్వుతారు. ఒకసారి డెన్వర్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పాదం తాకితే, "ఇంకాసేపు పడుకోనివ్వు జూడీ" అని హాలంతా వినబడేలా అన్నాడు. పక్క చాప మీదున్న ఆయన భార్య పేరు జూడీ కాదు. ఆ రోజు మధ్యాహ్నం వాళ్ళు ఒకే కారులో వెళ్ళారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ పనివల్ల నాకు దక్కింది ఒకటుంది. మిగతా వాళ్ళంతా కళ్ళ మీద బుల్లి దిండ్లు పెట్టుకుని పడుకుని ఉంటే, హాలు మొత్తంలో కళ్ళు తెరుచుకుని ఉండేది ఇద్దరమే. నేనూ, గాంగ్ అనే ఆ వేలాడే పెద్ద కంచు పళ్ళేన్ని వాయించే మార్లిస్ ఓస్గుడ్.

మార్లిస్ మా ఊరు క్రెస్టోన్‌కి గాంగులు రాకముందు నుంచీ ఉన్న మనిషి. స్కూలు వంటగదిలో పనిచేసింది. ఊళ్ళో ముప్పై దాటిన వాళ్ళలో సగం మంది ఆమె వండిన బీన్స్ తిని పెరిగినవాళ్ళే. భర్త ఆర్నీ పోయాక ఆమెకు నిద్ర పట్టలేదు. అన్ని మాత్రలూ అయ్యాయి, అన్ని టీలూ అయ్యాయి. ఎవరో బలవంతాన గాంగ్ కింద పడుకోబెడితే, చలికాలం మొత్తానికి మొదటిసారి నోరు తెరుచుకుని నిద్రపోయింది. లేచి, నోరు తుడుచుకుని, "దీన్ని నేను వాయిస్తాను" అంది. ఆర్నీ ట్రక్కు అమ్మేసి బండి చక్రమంత కంచు గాంగ్ తెప్పించుకుంది.

బాగా వాయించేది. జీవితమంతా జల్లెడంత గరిటెతో గంగాళాలు తిప్పిన చేతులు కదా, ఎక్కడ ఆపాలో, ఎక్కడ అడుగంటకుండా కదపాలో ఆ చేతులకు తెలుసు. మొదలుపెట్టే ముందు మెత్తటి తల ఉన్న కర్రతో చప్పుడు రాకుండా గాంగ్‌ని నిమిరేది. నిద్రపోతున్న కంచుని తట్టి లేపడమట అది. ఒట్టి చేత్తో మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు, తనూ ముట్టేది కాదు. చేతి జిడ్డు కంచుకి పడదు. "పీఠాధిపతిలా మడి కట్టుకుందే నీ పళ్ళెం" అని నేను వెక్కిరిస్తే, "నీ చేతులు చూసే, వెన్నముద్దల్లా ఉన్నాయి" అనేది.

చివర్లో ఒక పద్ధతి ఉంది. ఆఖరి దెబ్బ పడ్డాక వాయించినవాళ్ళు కదలకూడదు. గాంగ్ మోత సన్నబడి, సన్నబడి, పూర్తిగా చచ్చిపోయేదాకా నిలబడి వినాలి. అది పోయిందని తమ చెవికి తెలిశాకే చిన్న గంట కొట్టాలి. ఆ గంట వినబడేదాకా చాపల మీద ఎవరూ లేవరు, దగ్గరు, దిండు తియ్యరు. మా వాళ్ళకి అది చర్చి కన్నా గట్టి నియమం.

వేసవి చివర్లో మా అక్కకి తుంటి ఆపరేషన్ అయితే నేను అమరిల్లో అనే ఊరికి వెళ్ళి అక్కడే ఉండిపోయాను. చలి మొదలయ్యాక తిరిగొచ్చాను. వచ్చీ రాగానే పోస్టాఫీసులో, కిరాణా కొట్లో, పెట్రోలు బంకులో ఒకటే మాట. మార్లిస్ మౌనం గురించి విన్నావా అని. ఆఖరి దెబ్బ తర్వాత ఆమె గంట కొట్టడం లేదట. అందరినీ ఆ నిశ్శబ్దంలో అలా వదిలేస్తోందట. అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. బౌల్డర్ నుంచి, శాంటా ఫే నుంచి మనుషులు చాపలు చుట్టుకుని వస్తున్నారట.

"మన మార్లిస్ ఎక్కడికో వెళ్ళిపోయింది రొవీనా" అన్నాడు కార్విన్, కళ్ళు మూసుకుని. కార్విన్ మా హాలు నడిపే మనిషి. ఒకప్పుడు ఒమాహాలో ఇన్సూరెన్స్ అమ్మేవాడు. పాత బంగాళాదుంపల గోదాము కొని, నేలకి చెక్కలు వేయించి, గడ్డం పెంచాడు. గొంతు మాత్రం పాలసీ అమ్మేటప్పటిదే, తేనెలో ముంచినట్టు.

ఆ ఆదివారం నేను మేజోళ్ళు వేసుకుని మళ్ళీ నా పనిలో దిగాను. మార్లిస్ ఆఖరి దెబ్బ కొట్టింది. మోత పోయింది. నా చెవికి పోయింది, గోడ మీద తిరిగే ఈగ చప్పుడు కూడా వినబడుతోంది. ఆమె కదల్లేదు. తల ఒక పక్కకి వంచి, కుడి చెవి గాంగ్ వైపు పెట్టి, కనుబొమలు ముడేసి నిలబడింది. హీటరు ఆగింది, మళ్ళీ మొదలైంది. నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. పెద్దమనుషులు సగం మంది నిజంగానే నిద్రపోయారు. ఇక గురకలు మొదలైతే నేను ఒక్కదాన్ని ఎన్ని పాదాలు తాకను! మార్లిస్ నా వైపు చూసింది. నేను భుజాలెగరేసి, అయిపోయింది కదా అన్నట్టు చెయ్యి ఊపాను. అప్పుడు కొట్టింది గంట.

పారవశ్యం నాకేం కనబడలేదు. రోడ్డు దాటడానికి భయపడుతున్న ముసలమ్మ ముఖం అది.

వంటగదిలో సూప్ వడ్డించడానికి వెళ్ళినప్పుడు కెటిల్ కూత పెడుతోంది. మార్లిస్ దానికి వీపు పెట్టి గిన్నెలు పేరుస్తోంది. కూత చెవులు చిల్లులు పడేలా ఉంది. ఆమె తిరగలేదు. నేనే వెళ్ళి పొయ్యి ఆపాను.

"మార్లిస్."

పలకలేదు. కుడి పక్కకి వెళ్ళి భుజం తట్టాను.

"ఎప్పటినుంచే ఇది?"

గిన్నె కింద పెట్టి, తలుపు మూసి వచ్చి చెప్పింది. ఆగస్టులో ఒక పొద్దున లేచేసరికి ఎడమ చెవికి ఎవరో తలుపు వేసేసినట్టయిందట. లోపల మాత్రం ఒక మోత మిగిలిందట.

"ఏం మోతనుకుంటున్నావ్? నా గాంగే. అచ్చం దాని తోక. ఆఖరి దెబ్బ తర్వాత సాగే ఆ సన్నటి తీగ. అది పొద్దునా ఉంది, స్నానంలో ఉంది, ఇదిగో ఇప్పుడూ ఉంది. గాంగ్ ఆగిందో నా తలకాయ ఆగలేదో నాకు తెలియట్లేదు రొవీనా. అందుకే నిలబడి ఉంటున్నా. వీళ్ళేమో చప్పట్లు కొడుతున్నారు."

"డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదా?"

"తల తిరుగుతోంది. కారు నడపలేను."

"ఎవరికైనా చెప్పొచ్చు కదే!"

"అందరికీ చెప్పాను." ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "వలయంలో చెప్పాను."

వలయం అంటే గాంగ్ అయ్యాక గుండ్రంగా కూర్చుని మనసులో ఉన్నది చెప్పుకోవడం. చెప్పినవాళ్ళకి ఎవరూ జవాబివ్వకూడదు, సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని 'మ్మ్...' అనాలి, అంతే. అదీ కార్విన్ పెట్టిన నియమమే. చాప మీద ఎవరైనా ఏడ్చినా దగ్గరికి వెళ్ళకూడదు. బరువు దిగుతోంది, దిగనివ్వాలి. మామూలుగా అది మంచి నియమమే. నా విడాకుల సంగతి నేను చెప్పినప్పుడు ఒక్కరు కూడా సలహా ఇవ్వకపోవడం నా జీవితంలో అదే మొదలు.

"నాకు వినబడటం లేదు, భయంగా ఉంది అన్నాను. అందరూ 'మ్మ్' అన్నారు. మళ్ళీ వారం కూడా అదే చెప్పాను. ఒకావిడ ఏడ్చింది. నీ మాట నా ప్రాణానికి తగిలింది అని కౌగిలించుకుంది. కార్విన్ అయితే ఆ మాట రాసి గుమ్మం మీద తగిలించాడు. చూళ్ళేదా నువ్వు?"

చూశాను. 'నాకు వినబడటం లేదు.' అందమైన అక్షరాలు, చుట్టూ లావెండర్ పూలు. నేనూ ఏదో తత్త్వం అనుకునే లోపలికి వచ్చాను.

"నాకు ఇంకేం అక్కర్లేదే. ఎవరో ఒకరు 'పద, కారెక్కు' అంటారని చూశాను. అంతే."

మర్నాడే పొద్దున ప్యూబ్లోలో చెవి డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ దాటాక ఒక తారీఖు ఇచ్చింది. అర్జెంటమ్మా అంటే, అందరిదీ అర్జెంటేనండీ అంది. నేను అరిచాను, బతిమాలాను, చివరికి మా అక్క తుంటి గురించి కూడా చెప్పాను, ఎందుకో. ఆ తారీఖే మిగిలింది.

అక్కణ్ణుంచి కార్విన్ దగ్గరికి వెళ్ళాను. వచ్చే ఆదివారానికి హాలు నిండిపోయిందని, వరండాలో కూడా చాపలు వేయిస్తున్నానని చెప్తున్నాడు.

"కార్విన్, ఆమెకి నిజంగా చెవుడు వస్తోంది."

"వినడం మానినప్పుడే అసలు వినడం మొదలవుతుంది రొవీనా."

"మా అమ్మ వాళ్ళింట్లో ఫోను మోగినా వినబడకపోతే దాన్ని చెవుడనే అనేవాళ్ళు."

"నీలో కోపం ఉంది" అన్నాడు ప్రేమగా. "అది మీ అక్క దగ్గర నుంచి మోసుకొచ్చావు."

"కోపం ఇప్పుడే, ఇక్కడే పుట్టింది. ఇంకా వేడిగా ఉంది."

అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని 'మ్మ్...' అన్నాడు. ఆ గడ్డం పట్టుకుని లాగాలనిపించింది. లాగినా బరువు దిగుతోందనే అంటాడు.

మార్లిస్‌ని ఆదివారం మానెయ్యమన్నాను. మానలేదు. "మానేసి ఇంట్లో కూర్చుని ఏం వినను? దీన్నేనా?" అని తల మీద వేలితో కొట్టుకుంది. "గాంగ్ వాయిస్తున్నంతసేపే ఇది దాని కింద మునుగుతోంది. ఆ కాసేపే నాకు ఊపిరాడేది. ఆపగానే మళ్ళీ పైకి వచ్చేస్తుంది."

ఆ మాట విన్నాక మళ్ళీ మానమనలేదు.

ఆదివారం పొద్దున గోదాములో అడుగు పెట్టే చోటు లేదు. తలలన్నీ గాంగ్ వైపు, పాదాలు బయటికి, పువ్వు రేకుల్లా. మార్లిస్ ఎప్పటిలాగే నిమిరి మొదలుపెట్టింది. కాసేపు బాగానే నడిచింది. తర్వాత దెబ్బలు పెద్దవయ్యాయి. ఆమె ఎప్పుడూ అంత గట్టిగా కొట్టేది కాదు. కంచు గర్జించింది. కిటికీ అద్దాలు దడదడలాడాయి. పొయ్యి మీద అడుగంటుతున్న గంగాళాన్ని దక్కించుకోవాలన్నట్టు, రెండు చేతులతో కర్ర పట్టుకుని బాదుతోంది. చెమట గడ్డం మీంచి కారుతోంది. తనకి వినబడాలని కొడుతోందని నాకొక్కదానికే తెలుసు.

చాపల మీద ఒకామె వెక్కివెక్కి ఏడవసాగింది. ఒకాయన తోడేలులా ఊళ పెట్టాడు. ఎవరో పకపకా నవ్వారు. అందరి బరువులూ దిగుతున్నాయి. నేను చెవులు మూసుకున్నాను, నా పని నేను మానేశాను. ఆ మోతలో గురక ఎవరికి వినబడుతుంది గనక!

ఉన్నట్టుండి మార్లిస్ ఆగింది. కర్ర చేతిలోంచి జారి పడింది. తల వంచి విన్నది. తర్వాత ఎప్పుడూ చెయ్యనిది చేసింది. ఒట్టి అరచెయ్యి తీసుకెళ్ళి కంచు మీద బోర్లా ఆనించింది. అద్దానికి ఆన్చినట్టు. మోత ఠక్కున తెగిపోయింది. హాలు నిశ్శబ్దమైంది. ఆమె ముఖం మారలేదు. చెయ్యి తీసి, మళ్ళీ పెట్టి, రెండో చెయ్యి కూడా పెట్టి, గాంగ్‌ని కౌగిలించుకున్నట్టు నిలబడి అరిచింది.

"ఇది ఆగింది! ఇది ఆగింది, నాకు తెలుస్తోంది! నాలోది ఆగట్లేదు! నాకు చెవులు పోతున్నాయి, ఎవరైనా లేవండి. దయచేసి లేవండి!"

ఒక్క దిండు కదల్లేదు. హాలు నలుమూలల నుంచీ, వరండాలోంచి కూడా, మెల్లగా లేచింది 'మ్మ్...' అనే ఝంకారం. ఎంత మంది గొంతులో, ఎంత ప్రేమగానో. ముందు వరసలో కార్విన్ పడుకునే గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. కళ్ళ దిండు కింది నుంచి నీళ్ళు కారి అతని చెవుల్లోకి పోతున్నాయి.

మార్లిస్ నన్ను వెతుక్కుంది. నేను పాదాల మీంచి, చేతుల మీంచి దాటుకుంటూ వెళ్ళాను. ఒకరి వేళ్ళు తొక్కాను. ఆ మనిషి కూడా 'మ్మ్' అన్నాడు.

"వీళ్ళు లేవరా రొవీనా?" చిన్నపిల్లలా అడిగింది.

"గంట కొట్టలేదుగా, లేవరు" అన్నాను ఆమె కుడి చెవిలో. "పద, కారెక్కు."

కోటు ఆమె భుజాల మీద కప్పి బయటికి తీసుకొచ్చాను. గంట కొట్టాలని ఇద్దరికీ తోచలేదు.

అలమోసా ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఉన్న డాక్టర్ చిన్నావిడ, మంచి మనిషి. మార్లిస్ చెవుల్లోకి దీపం వేసి చూసింది. ఫోర్కులా రెండు కొమ్ములున్న ఒక ఇనప కడ్డీని మోకాలి మీద కొట్టి, మోగుతున్న దాన్ని నుదుటి మీద నిలబెట్టి, "ఏ పక్క వినబడుతోంది మీకు?" అని అడిగింది. మార్లిస్ కుడివైపు చూపించింది. దాన్నే ఎడమ చెవి దగ్గర పట్టుకుని, "ఇప్పుడో?" అంది. మార్లిస్ ఆ ఇనప ముక్క వణకడం కళ్ళతో చూస్తూ, అబద్ధం చెప్పాలా అని ఆలోచిస్తున్నట్టుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"ఎప్పుడు మొదలైందండీ ఇది?"

"ఆగస్టులో."

డాక్టర్ కలం ఆగింది. మళ్ళీ కదిలింది. కానీ మేమిద్దరం చూశాం.

"చెప్పండి" అంది మార్లిస్.

"ఇలా ఒక్కసారిగా చెవి పోయినప్పుడు, మొదటి రోజుల్లోనే మందు పడితే కొందరికి తిరిగొస్తుందండీ. అందరికీ కాదు. ఇప్పుడు... ఇవాళే చెవి డాక్టర్‌తో మాట్లాడతాను, రేపే చూడమంటాను. కానీ మీకు పెద్ద ఆశ పెట్టడం నాకిష్టం లేదు. కుడి చెవి కూడా కొంత దెబ్బతింది. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఇక ఆ గాంగ్ దగ్గరికి మీరు వెళ్ళకూడదు."

"మరి ఈ మోత?"

"కొందరికి తగ్గుతుంది. కొందరు అలవాటు పడతారు."

"అలవాటు పడనివాళ్ళు?"

డాక్టర్ ఆమె చెయ్యి పట్టుకుంది. మార్లిస్ చెయ్యి విడిపించుకోలేదు గానీ, "మీరు కూడా 'మ్మ్' అనకండమ్మా, మీకు పుణ్యముంటుంది" అంది. డాక్టర్‌కి అర్థం కాలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు గొంతు దాటేలోపే ఏడుపైపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు నా ఫోను వరసగా గుంయ్‌మంటూనే ఉంది. దారిలో మోస్కా అనే ఊరి దగ్గర కారు పక్కకి ఆపి చూశాను. అన్నీ కార్విన్ నుంచే. చలికి తాళలేక జనం ఒక్కొక్కరే లేచారట. గంట కొట్టకుండా వదిలి వెళ్ళిపోవడం లాంటి గొప్ప పాఠం తన జీవితంలో చూడలేదట. ఒకాయన ఇంకా పడుకునే ఉన్నాడట. ఆఖరున ఒక ప్రశ్న. ఆ అరిచే భాగం వచ్చే ఆదివారం కూడా ఉంటుందా అని.

"ఏమంటున్నాడు?" అంది మార్లిస్.

చెప్పాను. ఆమె ఎడమ చెవి నా వైపు ఉంది. "ఏంటి?" అంది. ఇంకోసారి చెప్పాను. మూడోసారి అరిచి చెప్పాను. బంగాళాదుంపల పొలాల మధ్య, కిటికీలు మూసిన కారులో, "అరిచే భాగం మళ్ళీ ఉంటుందా అంటున్నాడే!" అని గొంతు చించుకుని.

మార్లిస్ నవ్వింది. కాసేపు నిజంగానే నవ్వింది, పొట్ట పట్టుకుని. తర్వాత మోకాళ్ళ మీదికి వంగి అలాగే ఉండిపోయింది. వీపు మీద చెయ్యి వేశాను. ఇంజను ఆపాను, ఆమెకి కాస్త ప్రశాంతంగా ఉంటుందని.

చటుక్కున తలెత్తింది. "ఆపకు! ఆపితే ఇది పెద్దదైపోతుంది. ఏదో ఒకటి మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. కాస్త అరిచి చెప్పు."

ఆమె దిగి వెనక సీట్లోకి మారింది. నా వెనకే కూర్చుని, ముందుకి వంగి, కుడి చెవి నా భుజం పక్కన పెట్టింది. నేను కారు నడుపుతూ మా అక్క తుంటి గురించి చెప్పాను. అమరిల్లో ఆసుపత్రిలో పెట్టే జెల్లీ గురించి, మా అక్క మొగుడు ఆ జెల్లీ దొంగతనంగా తినడం గురించి చెప్పాను. నా విడాకుల సంగతి, వలయంలో చెప్పనివన్నీ చెప్పాను. ఊళ్ళో ఆమె ఇల్లు వచ్చింది, చీకటిగా ఉంది, లోపల ఎవరూ లేరు. నేను బ్రేకు మీద కాలు పెట్టబోతే, భుజం మీద ఆమె వేళ్ళు బిగిశాయి.

నేను ఆపలేదు. మళ్ళీ హైవే ఎక్కాను. చెప్పడానికి ఏమీ మిగలక, రోడ్డు పక్కన ఏ బోర్డు కనబడితే ఆ బోర్డు పైకి చదవడం మొదలుపెట్టాను. జింకలు దాటే చోటు. బంగాళాదుంపలు అమ్మబడును. ముందు రోడ్డు ఇరుకు.

"ఊఁ" అంది మార్లిస్ నా చెవి పక్కన. "ఊఁ, తర్వాత?"